మూడో జాముకు ఎవరుంటారు?

(పేరేసంద్రలో భజన బృందాల వేసవి కూటమిలో చేసిన ఉపన్యాసం)

వేదికమీద కూర్చున్న పెద్దలకూ, కింద కూర్చున్నవాళ్లలో వాళ్లకన్నా పెద్దవాళ్లకూ, అక్కచెల్లెళ్లకూ, వెనక గోడ పక్కన నిలబడి భోజనాలు ఎప్పుడెప్పుడా అని చూస్తున్న పిల్లలకూ నమస్కారం. పేర్లన్నీ రాసిన చీటీ నాకూ ఇచ్చారు. నాకు ముందు మాట్లాడినవాళ్లు ఒక్క పేరూ వదలకుండా చదివేశారు కాబట్టి ఎవరికీ లోటు జరగలేదు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. శాలువ కప్పారు, మైసూరు పేటా పెట్టారు, పండ్లబుట్ట చేతికిచ్చారు. సంతోషం. పేటా మాత్రం తీసి పక్కన పెట్టాను, ఏమీ అనుకోవద్దు. అది తలమీద ఉంటే నేను మాట్లాడే మాట నాకే పరాయిగా వినిపిస్తుంది.

నాకిచ్చిన విషయం ‘మన భజన బృందాలు, వేసవి కార్యక్రమాలు’. నాలుగు ముక్కలు చెబుతానని ఒప్పుకున్నాను. ఒకటి, ఈ సీమలో భజన ఎట్లా నిలిచింది. రెండు, వాయిద్యాల సంగతి. మూడు, అఖండ భజన కట్టుబాట్లు. వచ్చే అఖండానికి బయట బల్లమీద పేర్లు రాయించుకుంటున్నారు కాబట్టి అది చెప్పక తప్పదు. నాలుగు, సెలవుల్లో పిల్లలకు భజన నేర్పే శిబిరం ఎట్లా నడపాలి. నాలుగోదే అసలు పని. మొదటి మూడూ గబగబా ముగించి దానికి వచ్చేస్తాను.

మొదటిది మీకు నేను చెప్పాలా? చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో పుట్టినవాళ్లు కైవారం తాతయ్య పాట విననిదే ఊయల దిగరు. అయినా పిల్లలున్నారు కాబట్టి రెండు మాటలు. తాతయ్య 1726లో కైవారంలో పుట్టాడు. బలిజవాళ్ల ఇంటి బిడ్డ. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. పరదేశిస్వామి అనే గురువు ఒక గులకరాయిని నోట్లో పెట్టుకుని మంత్రం జపించమన్నాడనీ, ఆ రాయి కలకండ అయ్యేదాకా కైవారం కొండ గుహలో కూర్చున్నాడనీ మన ఇళ్లలో చెప్పుకునే కథ. నూట పదేళ్లు బతికి 1836లో సమాధి అయ్యాడని చెబుతారు. అమరనారేయణస్వామి పేరిట తెలుగులో పాడాడు, కన్నడంలో పాడాడు. కీర్తనలు, తత్వాలు, శతకం, కాలజ్ఞానం అన్నీ మనకు వదిలి పోయాడు. ఆయనకు ఆస్థానం లేదు, పోషించిన రాజు లేడు. గాజులు అమ్మడానికి కేక వేసిన గొంతుతోనే పాడాడు. ఆ గాజులు తొడిగించుకున్న ఊళ్లే ఆయన పాటను మోసుకొచ్చాయి.

మన భజన పుస్తకాలు ఎప్పుడైనా పరాయివాళ్లకు చూపించారా? పాట తెలుగు, అక్షరం కన్నడం. బళ్లో కన్నడం చదువుకున్నాం, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాం, తాతయ్య తత్వాన్ని నోటుబుక్కులో కన్నడ అక్షరాలతో దించుకున్నాం. అనంతపురం వైపు చుట్టాలు ఆ పుస్తకం తెరిచి ఏమిటిదని మన ముఖం చూస్తారు. ఒక్క చరణం ఎత్తుకుంటే చాలు, రెండోసారి వాళ్లే వంత పాడతారు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఆగిన రోజులు నేను చూశాను. పాట అక్కడ ఆగిన రోజు చూడలేదు.

మరి వేసవే ఎందుకంటారా? రాగులు కొట్టి, తూర్పారబట్టి, గింజ ఇల్లు చేర్చాక తొలకరి దాకా మెట్టపొలంలో రైతుకు పనేముంది? శ్రీరామనవమి పానకం, కోసంబరితో మొదలయ్యేది. ఆ పైన ఊళ్ల జాతర్లు, గంగమ్మకు తంబిట్టు దీపాలు, రాత్రంతా కురుక్షేత్రం నాటకం, ఊరికొక అఖండం. అన్నీ దాటుకుని ఆషాఢ పౌర్ణమికి కైవారం చేరితే అక్కడ గురుపూజా సంగీతోత్సవం. మూడు పగళ్లు, మూడు రాత్రులు, 72 గంటలు తెంపు లేకుండా పాట. పేరున్న విద్వాంసులూ వస్తారు, మన ఊళ్ల భజన గుంపులూ వస్తాయి. పంచాంగం ఏం చెప్పినా సరే, భజన చేసేవాళ్లకు వేసవి చైత్రంలో మొదలై ఆషాఢ పౌర్ణమికి ముగుస్తుంది.

ఇప్పుడు ఆ తీరిక లేదు. పిల్లలకు సోమరితనం పట్టింది, సెల్‌ఫోన్ పట్టింది అని తిట్టేవాళ్లు ఈ సభలోనే ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. నేను ఒప్పుకోను. బోరు నీళ్లు వచ్చాక మనకు పంటలేని నెల లేదు. గులాబీ కొయ్యాలంటే చీకటితోనే లేవాలి. పట్టుపురుగు నాలుగో జ్వరం లేచిందంటే రాత్రనక పగలనక ఆకు వెయ్యాల్సిందే. పొద్దున పాలు పితికి డెయిరీకి పొయ్యాలి, సాయంత్రం మళ్లీ పొయ్యాలి. రాత్రంతా భజన చేసి తెల్లారి పడుకున్న కాలం ఒక్క పంట పండించిన కాలం. పోయింది తీరిక. దాన్ని సోమరితనం అని పిలవడం అన్యాయం.

సరే, రెండోది, వాయిద్యాలు.

హార్మోనియంతో మొదలుపెడతాను. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. మన సంగీతానికి అది పనికిరాదు, గమకం పలకదు అన్నారు. 1971 దాకా ఆ నిషేధం సాగింది. ఢిల్లీలో ఆ తీర్మానం నడుస్తున్న ముప్పై ఏళ్లూ మన రామమందిరాల్లో హార్మోనియం తిత్తి ఒక్క రాత్రి ఆగలేదు. పెద్దవాళ్లు వద్దన్నదాన్ని పల్లెలు దాచిపెట్టి, వాళ్లు మళ్లీ కావాలన్నప్పుడు తీసి ఇస్తాయి. ఇది నేను చాలా విషయాల్లో చూశాను.

ఇక గంజిర. పనసకొయ్య చట్రం, దానిలో చిన్న బిళ్లలు, మీద తోలు. పాతకాలం ఉడుము తోలు వేసేవాళ్లు. ఇప్పుడు చట్టం ఒప్పదు, మేక తోలు వేస్తున్నారు. గంజిర వాయించేవాడు పాటకు ముందు ఏం చేస్తాడో దగ్గరగా కూర్చుని చూడండి. చెంబులో వేళ్లు ముంచి తోలు లోపలివైపు రాస్తాడు. ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంకో రెండు చుక్కలు. తోలు నాని వదులై లోతుగా పలుకుతుంది. చెయ్యి జారి నీళ్లు ఎక్కువయ్యాయంటే మొద్దుబారుతుంది, ఆరేదాకా చేసేదేమీ లేదు. తమట అనే డప్పుకు దీనికి తిరుగుడు. గడ్డి మంట వేసి, తోలును మంటకు చూపి, తిప్పి తిప్పి కాస్తారు. వేడికి బిగిసి ‘కణ్’మంటుంది. చల్లారితే మళ్లీ మంట దగ్గరికి. ఒకదానికి నీళ్లు, ఒకదానికి నిప్పు. రెండూ తోలే, రెండూ వేలికీ పుల్లకూ పలికేవే. అయినా ఒకటి గుడి లోపల కూర్చుంది, ఒకటి బయట నిలబడింది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మైకు కూస్తోంది. ఆ పెట్టె కాస్త అవతలికి జరుపప్పా. ఇంకా. చాలు.

కూసింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను, మైకుతో నాకు పాత జగడం ఉంది. మైకు లేకుండా మనం భజనకు ఎట్లా కూర్చునేవాళ్లం? నడుమ దీపం. దీపానికి ఈ పక్క ఒక వరస, ఆ పక్క ఒక వరస, ఎదురెదురుగా. ఈ వరస పాడితే ఆ వరస అందుకునేది. పదం మరిచిపోతే ఎదుటివాడి పెదవులు చూసి దిద్దుకునేవాళ్లం. తాళం తప్పితే ఎదుటివాడి వేళ్లు చూసి సర్దుకునేవాళ్లం. కొత్తవాడు వచ్చి కూర్చుంటే వాడికి ఎవరూ నేర్పేది లేదు. ఎదుటి వరసే వాడికి పుస్తకం, బడి, మేష్ట్రు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు వింటూ వింటూ గొంతు కలిపేవాళ్లు. వినేవాళ్లెవరు, పాడేవాళ్లెవరు అని గీత గీయడం కుదిరేది కాదు.

మైకు వచ్చింది. మైకు వెంట వేదిక వచ్చింది. వేదిక ఎక్కాక అందరూ జనం వైపు తిరిగి ఒకే వరసలో కూర్చున్నారు. ఇప్పుడు ఎడమ చివరన ఉన్న తాళాలాయనకు కుడి చివరన ఉన్న మృదంగం కనిపించదు. తమ పాట తామే వినడానికి ఇంకో పెట్టె కావాలి. ఆ పెట్టె కూస్తుంది. అది చాలదని కీబోర్డు వచ్చింది, రిథమ్ ప్యాడ్ వచ్చింది, తాతయ్య తత్వానికి సినిమా వరస వచ్చింది. ఖర్చు పెరిగింది, ఫ్లెక్సీ పెరిగింది, ఫ్లెక్సీలో ముఖాలు పెరిగాయి. వినేవాళ్లూ పెరిగారు, ఒప్పుకుంటాను. పాడేవాళ్లు తగ్గారు.

కచేరీ అంటే నాకు కోపం లేదు. బెంగళూరు చామరాజపేటలో శ్రీ రామసేవా మండలి 1939 నుంచి రామనవమికి పందిరి వేసి పెద్ద పెద్ద విద్వాంసుల చేత పాడిస్తోంది. ఆ వేసవి కచేరీలకు నేనూ పోయి విన్నాను. ఎక్కడా వంక పెట్టలేదు. కానీ అది కచేరీ. మనం పోయేది వినడానికి. భజనకు వినడానికి పోము.

1939 అంటే ఇంకొకటి గుర్తొస్తోంది. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి. మా చిన్నకూతురు అమెరికాలో వర్జీనియాలో ఉంటుంది. ఒక వేసవి నన్ను పిలిపించుకుంది. వాళ్లింట్లో నాకు తోచడం లేదని ఒక ఊరిబయట సంగీతం ఉందంటే తీసుకుపోయింది. బ్లూగ్రాస్ అంటారట. పచ్చికబయలు, దాని నిండా గుడారాలు, వాన్‌లు. కుటుంబాలతో సహా వచ్చి రెండు మూడు రాత్రులు అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. ఒక మూల వేదిక ఉంది, దానిమీద పేరున్నవాళ్లు పాడుతున్నారు. నాకు వేదిక నచ్చలేదు, మీకు తెలుసు కదా నా సంగతి. గుడారాల మధ్య తిరిగాను. అక్కడుంది అసలు కథ. ప్రతి గుడారం ముందూ నలుగురో, ఆరుగురో గుండ్రంగా, ముఖాలు లోపలికి తిప్పుకుని. ఫిడేలు, మాండొలిన్, గిటారు, బాంజో, నిలబెట్టి వాయించే పెద్ద బేసు. డోలు లేదు, డప్పు లేదు. కరెంటుతో పలికే వాయిద్యం ఒక్కటీ లేదు.

వాళ్ల కట్టుబాటు చూడండి. ఒకడు పాట ఎత్తుకుంటాడు. చరణం అయ్యాక పక్కవాడి వైపు తల ఊపుతాడు. అంటే నీ వంతు. వాడు తన వాయిద్యం మీద ఒక ఆవర్తం వాయిస్తాడు. మిగతావాళ్లు గొంతూ చెయ్యీ తగ్గిస్తారు. చేతకానివాడు తల అడ్డంగా ఊపితే తప్పు లేదు, వంతు పక్కకు పోతుంది. పాట ముగించాలంటే ఎత్తుకున్నవాడు ఒక కాలు పైకెత్తుతాడు. అందరూ ఆ కాలు చూసి ఒక్కసారి ఆపుతారు. మనం తాళాలు పైకెత్తి ‘గోవిందా’ అనేది గుర్తుకొచ్చి నేను గట్టిగా నవ్వాను. తొంభై ఏళ్ల ముసలాయనా, ఆయన మోకాలెత్తు పిల్లా ఒకే వలయంలో వాయిస్తున్నారు. పాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తాళం మొత్తం అర్థమైంది.

తిరిగొచ్చాక చదివాను. ఈ సంగీతానికి మూలపురుషుడు బిల్ మన్రో. 1911లో కెంటకీ రాష్ట్రంలో రోసీన్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. అన్నలు ఫిడేలు, గిటారు పట్టేసుకున్నారు. ఇతనికి మాండొలిన్ మిగిలింది. అదీ ఎనిమిది తీగల్లో నాలుగు తీసేసి వాయించు, చప్పుడు ఎక్కువ కాకూడదు అన్నారట. మన భజనలో చిన్నవాడికి తాళాలిచ్చి, గట్టిగా కొట్టకురా అని అంటామే, సరిగ్గా అదే. తల్లీతండ్రీ పోయాక మేనమామ పెంచాడు. మేనమామ ఫిడేలు వాయించేవాడు, పక్కన కూర్చోబెట్టుకుని విద్య అంతా ఇచ్చాడు. ఆ కుర్రవాడు 1939లో నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమానికి ఎక్కాడు. తన రాష్ట్రం ముద్దుపేరునే బృందానికి పెట్టుకున్నాడు, అదే ఆ సంగీతానికి పేరైంది. 1945 చివర ఎర్ల్ స్క్రగ్స్ అనే బాంజో కుర్రవాడు చేరాక మూడు వేళ్ల వాయింపుతో దాని నడకే మారింది. 1965లో ఫిన్‌కాసిల్ అనే చోట మొదటిసారి కొన్ని రోజుల ఉత్సవంగా జరిగింది. 1967లో మన్రో తానే బీన్ బ్లాసమ్‌లో ఇంకొకటి మొదలుపెట్టాడు. ఆయన 1996లో పోయాడు. ఆ వేసవి ఉత్సవం మాత్రం నడుస్తూనే ఉంది.

నాకు మరీ నచ్చింది ఏమిటంటే, వాళ్ల పాత పద్ధతిలో బృందానికంతా ఒకటే మైకు. అందరూ దాని చుట్టూ మూగి నిలబడతారు. వంతు వచ్చినవాడు ఒక అడుగు ముందుకేస్తాడు, అయ్యాక వెనక్కి తగ్గుతాడు. గొంతు ఎంత వినిపించాలో మైకు పెట్టెవాడు నిర్ణయించడు, పాడేవాడి అడుగు నిర్ణయిస్తుంది. ఇది మన పెట్టెవాళ్లు వినాలనే చెబుతున్నాను. ఒక మైకు, నడుమ దీపం పక్కన. మిగతావి ఇంటికి తీసుకుపొండి, బాడుగ కూడా మిగులుతుంది.

మూడోది అఖండం. కట్టుబాట్లు చాలా ఉన్నాయి, అన్నీ మీకు తెలిసినవే. కథ ఒకటి చెబితే అవన్నీ అందులోనే ఉంటాయి. కొందరు ముందే విన్నారు, మళ్లీ వినండి.

ఊరి పేరు చెప్పను. గుడిబండ వైపు ఊరు, ఆ ఊరివాళ్లు మూడో వరసలో కూర్చుని ఇప్పటికే నవ్వుతున్నారు. నేను చిన్నవాణ్ణి, మా నాయన వెంట పోయాను. ఇరవై నాలుగు గంటల అఖండం. దీపం ఆరరాదు, నామం ఆగరాదు. రాత్రికి నాలుగు జాములు, జాముకు ఒక ఊరు. మొదటి జాముకు అందరూ పోటీ, జనం నిండుగా ఉంటారు కదా. నాలుగో జాము తెల్లవారుజాము, పుణ్యకాలం, దానికీ ఎగబడతారు. రెండోది ఎట్లానో సర్దుతారు. నడిరాత్రి నుంచి మూడు గంటల దాకా ఉండే మూడో జాము ఎవరికీ వద్దు. అది ఎప్పుడూ అఖండం పెట్టుకున్న ఊరికే మిగులుతుంది. పొద్దుటినుంచి పందిళ్లు వేసి, నీళ్లు మోసి, వచ్చినవాళ్లకంతా వండి వడ్డించినవాళ్లకు.

కూర్చున్నారు. కడుపు నిండా ముద్ద, ఒళ్లంతా అలుపు. ఒక్కొక్కరే గోడకు ఆనుకున్నారు. హార్మోనియం మేష్ట్రు చెయ్యి మెట్లమీద ఉంది, తల గుండెమీదికి వాలింది. గంజిర ఒళ్లో పడుకుంది. చివరికి తాళాలాయన ఒక్కడు మిగిలాడు, ఆయనా నిద్రలోనే ఉన్నాడు. నవ్వకండి, చేతులు వాయిస్తూనే ఉన్నాయి. అలవాటైన చెయ్యి నిద్రపోదు. నోరు మాత్రం నిద్రపోతుంది. నామం సన్నబడింది, మాట మింగేస్తోంది, ఇంక ఆగిపోతుంది. నేను స్తంభం పక్కన పడుకుని ఉన్నాను. జోల ఆగితే పిల్లలకు మెలకువ వస్తుందే, అట్లా వచ్చింది.

అప్పుడు బయటినుంచి నామం వినిపించింది. గుడి ముందు వేపచెట్టు కట్టమీద తమటాయన ఉన్నాడు. సాయంత్రం ఊరేగింపులో వాయించి, లోపలికి రానివ్వరు కాబట్టి అక్కడే తమట తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నామం సన్నబడడం ఆయన చెవికి ముందు అందింది. లేచి కూర్చుని, పుల్ల ముట్టకుండా వట్టి వేళ్లతో తమటను మెల్లగా తడుతూ నామం ఎత్తుకున్నాడు. లోపల తాళాలాయన కళ్లు తెరవలేదు. తెరవకుండానే వంత అందుకున్నాడు. బయట ఒకరు, లోపల ఒకరు. నడుమ గడప. కొంతసేపటికి మేష్ట్రు ఉలిక్కిపడి తిత్తి లాగాడు, మిగతావాళ్లు లేచి ముఖాలు కడుక్కుని వచ్చారు, జాము గట్టెక్కింది.

తెల్లారాక పంచాయితీ. అఖండం తెగిందా, లేదా? గడప అవతలినుంచి వచ్చిన నామం లెక్కలోకి వస్తుందా? ఒక పెద్దాయన మొత్తం మళ్లీ మొదటినుంచి చెయ్యాలన్నాడు. ఇంకొకాయన సంతర్పణకు బియ్యం అయిపోయాయి, మళ్లీ ఎక్కడినుంచి తేవాలి అన్నాడు. మేష్ట్రు మాత్రం ఇట్లా అన్నాడు: ‘దీపం ఆరిందా? ఆరలేదు. నామం ఆగిందా? ఆగలేదు. అఖండానికి కావలసినవి ఈ రెండే. గడప మీరు పెట్టుకున్నది.’ మేష్ట్రు మాట గెలిచిందో, బియ్యం మాట గెలిచిందో నేను చెప్పలేను. అఖండం తెగలేదని తీర్మానం చేశారు.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. ఇంకో ముక్క ఉంది. ఆ తమటాయనకు ప్రసాదం పంపారు. చేతికివ్వలేదు, ఆకులో పెట్టి కట్టమీద ఉంచి వచ్చారు. లోపలికి పిలవలేదు. మరుసటి ఏడూ పిలవలేదు. మూడో జాము మోసిన మనిషికి ఆ ఊళ్లో గడప దాటే రోజు ఆయన బతికుండగా రాలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు, దూరదేశంలోనూ ఉంది. నేను చెప్పిన బాంజో ఉంది చూశారా, దానికీ మొదట్లో మొహం మీద తోలే. ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చిన నల్లవాళ్లు తమ వాయిద్యాల జ్ఞాపకంతో అక్కడ చేసుకున్నది. మన్రో కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్ల గిటారు విద్వాంసుడితో కలిసి రాత్రంతా నాట్యాలకు వాయించేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నానని తానే చెప్పుకున్నాడు. షుల్ట్జ్ 1931లో పోయాడు. ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. నేర్పినవాడు బయట ఉండిపోయాడు, సంగీతం లోపలికి పోయి పేరు తెచ్చుకుంది.

మన జిల్లాలో కాలం కొంత మారింది. శిడ్లఘట్ట తాలూకా పిండిపాపనహళ్లి మునివెంకటప్పగారు తమట వాయించి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. మనందరం ఫ్లెక్సీలు కట్టాం, నేనూ చప్పట్లు కొట్టాను. బిరుదు ఢిల్లీనుంచి వచ్చింది. గడప మన ఊళ్లోదే కాబట్టి దాన్ని ఢిల్లీ తీయలేదు.

ఇంతకూ ఇందాక హైవే క్రాసు దగ్గరనుంచి ఈ సముదాయ భవనం దాకా మమ్మల్ని తమటలతో పిలుచుకొచ్చిన పిల్లలెక్కడ? బయట మెట్లమీద కూర్చున్నారా? పిలవండి. రా నాయనా, లోపలికి రండి. తమటలు అక్కడ వదలకండి, తెచ్చుకోండి. ముందు వరసలో నాలుగు కుర్చీలకు ‘గణ్యులకు’ అని కాగితం అంటించారు. గణ్యులెవరూ రాలేదు, ఇక రారు కూడా. ఆ కాగితాలు చించేసి కూర్చోండి. నేను ఆగుతాను.

కూర్చున్నారా? మంచిది.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలు అంటున్నారు, అంటే సాంబారు చల్లారుతోందని. నాలుగో విషయం మిగిలిపోయింది. అదే ముఖ్యమని చెప్పాను, కాబట్టి దండోరా వేసినట్టు చెప్పేస్తాను, రాసుకోండి.

శిబిరం పొద్దున్నే పెట్టండి, పాలు డెయిరీకి పోసి వచ్చాక, ఎండ ముదరకముందు. మొదటివారం పాట వద్దు, తాళాలు మాత్రమే. చెయ్యి కుదిరాక నోరు. పిల్లల్ని మీవైపు తిప్పి కూర్చోబెట్టకండి, ఒకరివైపు ఒకరిని తిప్పండి. తెలుగు అక్షరం రాదని ఎవరినీ వెనక్కి పంపకండి, కన్నడ అక్షరంతో రాసుకోనివ్వండి, మనమంతా అట్లానే నేర్చాం. పాట చూసి పాడడానికి ఫోన్ వద్దు. ముసలివాళ్లు పాడుతుంటే పట్టుకోవడానికి ఫోన్ కావాలి. ఒక్కో తత్వానికి ఊరికొక వరస ఉంది. ఆ వరసలు తెలిసినవాళ్లు డెబ్బై దాటారు, ఈ వేసవిలోనే వాళ్ల ఇళ్లకు పొండి. హార్మోనియం ఆడపిల్లలకూ ఇవ్వండి, వాళ్లు తొందరగా పడతారు. గంజిర, తమట ఒకే గదిలో నేర్పండి. తమట నేర్పడానికి మేష్ట్రులు ఎక్కడ దొరుకుతారని ఎవరూ అడగనక్కరలేదు, ఇప్పుడే ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లకు కూలి అనకుండా గౌరవవేతనం ఇవ్వండి, నాకిచ్చినట్టు పేటా పెట్టి చేతులు దులుపుకోకండి.

పాట బతకాలంటే ఏం చెయ్యాలని పత్రికలవాళ్లు అడుగుతుంటారు. అకాడెమీ కావాలి, నిధి కావాలి అని చెబుతాం. అవి వస్తే మంచిదే. కానీ మొదటి జాములో వెయ్యిమంది ఉన్న పాట మూడో జాములో ఒక్కడు లేక తెగిపోతుంది. ఆ ఒక్కణ్ణి తయారు చేసుకోవడమే శిబిరం పని. ఆ ఒక్కడు ఎవరైనా సరే లోపలికి రానివ్వడం మన పని.

బయట బల్లమీద అఖండం పట్టీ ఉంది. వచ్చేటప్పుడు చూశాను, మొదటి జాము గడి నిండి పక్క కాగితం మీదికి పాకింది. నాలుగోదీ నిండిపోయింది. మూడో జాము గడి కింద నా పేరు రాయించి భోజనానికి పోతాను. దాని కింద ఇంకా చాలా చోటుంది. పెన్ను అక్కడే దారంతో కట్టి ఉంది.